‘సైర్’ : ఒక పదము – దాని అర్థ విపరిణామము

డిగ్రీ తరగతులలో భాషాశాస్త్రము బోధించునపుడు ‘అర్థ విపరిణామము’ అను పాఠము వచ్చును. పదము నిలిచియుండగా దాని అర్థము కాలక్రమమున మారుటయే అర్థ విపరిణామము. ఇందు ముఖ్యమైన రీతులు నాలుగు. నువ్వుల నుండి తీసిన దానికి మాత్రమే చెల్లిన ‘నూనె’ నేడు వేరుసెనగ నూనెకు, కొబ్బరి నూనెకు కూడ చెల్లుచున్నది; ఇది అర్థవ్యాకోచము. ఒకప్పుడు వస్త్రమునకంతటికి పేరైన ‘చీర’ నేడు స్త్రీలు కట్టుకొను వస్త్రమునకే పరిమితమైనది, ఇది అర్థసంకోచము. వాసన అని మాత్రమే అర్థమిచ్చిన ‘కంపు’ నేడు దుర్వాసనకు స్థిరపడినది, ఇది అర్థగ్రామ్యత. జూదశాలను నడపువాడైన ‘సభికుడు’ నేడు సభలో గౌరవనీయుడై కూర్చున్నాడు, ఇది అర్థసౌమ్యత.

విద్యార్థులు ఈ నాలుగు ఉదాహరణములను కంఠస్థము చేసి పరీక్షలో వ్రాయుదురు. పరీక్ష ముగియగానే మరచిపోవుదురు. ఈ నాలుగు రీతులును ఒకే పదము జీవితమున చూపగలిగినచో పాఠము మనసున నిలుచునని మా అభిప్రాయము. అట్టి పదమొకటి ఇంగ్లీషు భాషలో కలదు. అది ‘సైర్’. ఒకప్పుడు అది ఇంగ్లీషువారికి ‘తండ్రి’ అని అర్థమిచ్చెడిది. నేడు అది పాత కావ్యములందును, గుర్రముల వంశావళులందును మాత్రమే మిగిలియున్నది. అయినను దాని కథ మనకు పరాయిది కాదు. మన విద్యార్థులు ఉదయము తరగతిలో హాజరు పలుకునది మొదలు సాయంత్రము సెలవు తీసుకొను వరకు ఎన్నిమార్లో పలుకు ‘సార్’ అను మాట ఈ ‘సైర్’కు రూపాంతరమే.

ఇంటి పదము, కోట పదము

ఇంగ్లీషువారికి తండ్రి అనుటకు సొంత పదము లేకపోలేదు. ప్రాచీనాంగ్లమున అది ‘ఫ్యాడెర్’. అదియే నేటి ‘ఫాదర్’. సంస్కృతమున ‘పితృ’, లాటిన్‌లో ‘పాటెర్’, గ్రీకులో ‘పతేర్’, మన ఉర్దూ విద్యార్థులు ఎరిగిన పారసీక పదము ‘పిదర్’ – ఇవన్నియు దానికి తోబుట్టువులు. సర్ విలియం జోన్స్ 1786వ సంవత్సరమున కలకత్తాలో చేసిన ప్రసంగమున సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలకు ఒకే మూలము ఉండవలెనని సూచించెను. 1818లో డెన్మార్కు పండితుడు రాస్క్, 1822లో జర్మను పండితుడు గ్రిమ్ ఈ భాషల ధ్వనుల మధ్య గల నియతమైన మార్పును నిరూపించిరి. సంస్కృతాదులలో ‘ప’కారము ఉన్నచోట ఇంగ్లీషు, జర్మను శాఖలలో ‘ఫ’కారము వినబడును. ‘పితృ’కు ‘ఫాదర్’ ఎట్లో, ‘పాద’మునకు ‘ఫుట్’ అట్లు. తెలుగు ‘తండ్రి’ మాత్రము ఈ కుటుంబమునకు చెందదు. అది తమిళ ‘తందై’కి చుట్టము. తెలుగు మొదలైన దక్షిణ భాషలు సంస్కృతజన్యములు కావని 1816లో మదరాసున ఎల్లిస్ దొర తెలిపిన సంగతి మన విద్యార్థులు చదువుకొన్నదే.

ఇట్లు సొంత పదము ఉండగా ఇంగ్లీషువారికి మరియొకటి ఎందులకు వచ్చినది? 1066లో ఫ్రాన్సు దేశపు ఉత్తర తీరమునుండి నార్మన్ ప్రభువు విలియం దండెత్తి ఇంగ్లండును జయించెను. ఆ తరువాత దాదాపు మూడు వందల సంవత్సరములు అచటి రాజసభలో, ఉన్నత కుటుంబములలో, న్యాయస్థానములలో ఫ్రెంచి భాష రాజ్యమేలినది. న్యాయస్థానములలో వాదములు ఇంగ్లీషున జరుగవలెనని శాసనము వచ్చినది 1362లో మాత్రమే. ఈ మధ్యకాలమున వేలకొలది ఫ్రెంచి పదములు ఇంగ్లీషున ప్రవేశించినవి. చుట్టరికములు కూడ ఇందుకు మినహాయింపు కాలేదు. మన పిల్లలు సైతము నేడు నిస్సంకోచముగ పలుకు ‘అంకుల్’, ‘ఆంటీ’, ‘కజిన్’ అనునవి అప్పటి ఫ్రెంచి పదములే. కాని తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, కొడుకు, కూతురు – ఈ పదములు మాత్రము ఇంగ్లీషువే నిలిచినవి. ఫ్రెంచి పదము ఆ లోపలి గదిలోనికి అడుగుపెట్టుటకు చేసిన గట్టి ప్రయత్నమే ‘సైర్’ అని చెప్పవచ్చును.

పెద్దవాడు ప్రభువగుట

‘సైర్’కు మూలము లాటిన్ భాషలోని ‘సెనియోర్’. ‘సెనెక్స్’ అనగా వృద్ధుడు. ‘సెనియోర్’ అనగా వయస్సున పెద్దవాడు. రోము నగరపు పెద్దల సభకు ‘సెనేట్’ అను పేరు వచ్చినది ఈ ధాతువునుండియే. తొలుత ఈ పదమున అధికారము లేదు. వయస్సు మాత్రమే ఉన్నది. రోము సామ్రాజ్యము కూలిన పిమ్మట పశ్చిమ ఐరోపాలో భూస్వామ్య వ్యవస్థ తలయెత్తినది. భూమి గలవాడు ప్రభువు. అతని భూమిని అనుభవించుచు అతనికి సేవ చేయువాడు సామంతుడు. ఆ ప్రభువును సామంతులు ‘సెనియోర్’ అనిరి. ఆ ప్రభువు ఇరువదియేండ్ల యువకుడు కావచ్చును; సామంతుడు అరువదియేండ్ల వృద్ధుడు కావచ్చును. అయినను యువకుడే ‘పెద్దవాడు’. వయస్సునకు చెందిన గౌరవమును అధికారము తనదిగా చేసికొన్నది. మన పాఠములోని అర్థసౌమ్యతకు, అనగా పదము ఉన్నతస్థానమునకు ఎక్కుటకు, ఇది తగిన ఉదాహరణము.

ప్రాచీన ఫ్రెంచి భాషలో నామమునకు రెండు విభక్తి రూపములుండెడివి. కర్తగా వాడిన రూపము ‘సీర్’ అయినది. ఇతర విభక్తులలో వాడిన రూపము ‘సెన్యోర్’ అయినది. ఒకే పదపు రెండు రూపములు రెండు పదములై వేరు కాపురములు పెట్టినవి. ఇటలీవారి ‘సిన్యోరె’, స్పెయినువారి ‘సెన్యోర్’ వీని బంధువులే. ఫ్రెంచి ‘మస్యూ’లోని రెండవ భాగమును ఇదియే.

ఇట్టి పరిణామము ఒక్క ఐరోపాకే పరిమితము కాదు. అరబ్బీలో ‘షేఖ్’ అనగా మొదట వయోవృద్ధుడు, పిదప తెగ నాయకుడు, పిదప విద్యాగురువు. పారసీకమున ‘పీర్’ అనగా ముసలివాడు. పిదప ఆధ్యాత్మిక గురువు. తెలుగున ‘పెద్ద’ అను మాటయు అంతే. ‘ఊరిపెద్ద’ ఊరిలో అందరికన్న వయస్సు మీరినవాడు కానక్కరలేదు. మానవసమాజము గౌరవమును మొదట వయస్సునకిచ్చి, ఆ పదమునే అధికారమునకు, విద్యకు, భక్తికి బదిలీ చేయుట అనేక దేశములలో కానవచ్చును.

ప్రభువు తండ్రియగుట

ఇంగ్లీషున ‘సైర్’ సుమారు 1200 ప్రాంతమున వీరయోధుల పేర్ల ముందు బిరుదముగా కనుపించును. ఆ తరువాత కొలదికాలమునకే రాజును సంబోధించుటకు వాడుకైనది. పదమూడవ శతాబ్ది మధ్యభాగమునకు దానికి ‘తండ్రి’, ‘పూర్వుడు’ అను అర్థములు వచ్చినవి. అదే శతాబ్ది చివర ‘గ్రాండ్‌సైర్’ అనగా తాత అను పదము పుట్టినది. ‘గ్రాండ్‌ఫాదర్’ దానికన్న శతాబ్దికి పైగా చిన్నది.

ప్రభువను పదము తండ్రికి ఏల చెల్లినది? ఆ కాలపు సంపన్న గృహమున తండ్రి ఒక చిన్న రాజ్యమునకు రాజు. భార్యాబిడ్డలు, పరిచారకులు, పొలము, పశువులు అతని అధీనములు. రాజు దేశమునకు తండ్రి యన్నపుడు తండ్రి ఇంటికి రాజగుట సహజమే. 1667లో ప్రకటితమైన ‘ప్యారడైజ్ లాస్ట్’ కావ్యమున మిల్టన్ మహాకవి ఆదామును ‘సైర్’ అనియే పేర్కొనెను. మానవజాతికంతటికి మూలపురుషుడైన వానికి ఆ గంభీర పదము తగియున్నది.

కాని అప్పటికే పదమున క్షీణత మొదలైనది. పదునేడవ శతాబ్దారంభమున ‘సైర్’ క్రియగా కూడ మారినది. ‘సింబెలీన్’ నాటకమున షేక్‌స్పియర్ దాని నట్లు ప్రయోగించెను. ఆ క్రియకు ‘జన్మ కలిగించుట’ అని అర్థము. ఇందు పెంచుట లేదు, లాలించుట లేదు, విద్యాబుద్ధులు చెప్పించుట లేదు. తండ్రి యొక్క అనేక ధర్మములలో ఒక్కటి మాత్రమే ఈ పదమునకు మిగిలినది. ఆ ఒక్క ధర్మము మనుష్యులకు, జంతువులకు సమానము. కావున పదము క్రమముగా గుర్రపుశాలకు చేరినది. గుర్రముల వంశావళిలో తండ్రి ‘సైర్’, తల్లి ‘డ్యామ్’. ఆ ‘డ్యామ్’ కూడ ఒకప్పుడు గొప్పింటి స్త్రీకి బిరుదమైన ‘డేమ్’ పదమే! ఇంగ్లండులో పందెపు గుర్రముల వంశావళి గ్రంథము 1791లో మొదలైనది. నేటి మేలుజాతి పందెపు గుర్రముల మగవంశములన్నియు మూడు మూలపురుషాశ్వముల నుండి వచ్చినవని చెప్పుదురు. అందొకటి ‘డార్లీ అరేబియన్’. దానిని సిరియా దేశపు అలెప్పో నగరమున కొని 1704లో ఇంగ్లండునకు చేర్చిరి. ఇట్లు రాజులను పిలిచిన పదము గుర్రములకు మిగిలినది. ఇదియే అర్థసంకోచము.

జన్మనిచ్చుట అను అర్థమే పదమును దించినదని తొందరపడి తీర్మానింపరాదు. మన ఇండ్లలో తండ్రిని గౌరవముగ ‘వాలిద్ సాహెబ్’ అందుము. అరబ్బీ ‘వాలిద్’ పదమునకు కూడ మూలార్థము జన్మకు కారకుడనియే. అయినను దాని గౌరవము చెక్కుచెదరలేదు. భేదము మరియొకచోట ఉన్నది. ‘వాలిద్’ వెనుక ‘అబ్బా’ అను ముద్దుపలుకు ఇంటింట నిలిచి దానికి తోడుగ నున్నది. ‘సైర్’కు అట్టి తోడు లేదు. అది కోటలో పుట్టి ఇంటికి వచ్చినది; పసిపిల్లల నోట ఆడలేదు. పిల్లల నోట ఆడని తండ్రి పదము ఏ భాషలోనైనను కావ్యపదముగనో, దస్తావేజు పదముగనో మిగులును గాని ఇంటి పదము కాజాలదు. పెద్దింటి కుమారులు శతాబ్దముల తరబడి తండ్రిని ‘సర్’ అని పిలిచినను, పల్లెటూరి ఇంగ్లీషు పిల్లవాడు తండ్రిని ‘డ్యాడ్’ అనియే పిలుచుచు వచ్చెను. చివరకు గెలిచినది పల్లె పిల్లవాని పలుకే.

‘సర్’ శాఖ

తొందరగా పలుకునపుడు ‘సైర్’ కుదించుకొనిపోయి ‘సర్’ అయినది. సుమారు 1300 నాటికి అది వీరయోధుల బిరుదము. పదునేడవ శతాబ్ది వరకు క్రైస్తవ పురోహితులకు కూడ చెల్లినది. పదునాలుగవ శతాబ్ది మధ్యభాగమునకు సామాన్య గౌరవ సంబోధనమైనది. పదునైదవ శతాబ్ది ఆరంభమునకు లేఖల మొదట వ్రాయు వాడుక వచ్చినది. కొద్దిమంది ప్రభువుల సొత్తైన పదము ఎల్లరకు పంచబడినది. ఇదియే అర్థవ్యాకోచము.

నాలుగవదియైన అర్థగ్రామ్యత కూడ ఈ శాఖలోనే కలదు. పదునారవ శతాబ్దిలో ‘సిర్రా’ అను రూపము పుట్టినది. దానిని కోపముతోనో, చులకనతోనో సేవకులను, బాలురను పిలుచుటకు వాడిరి. ‘సర్లీ’ అను మరియొక పదము మొదట ‘ప్రభువువలె ఠీవి గలవాడు’ అని అర్థమిచ్చెడిది. నేడు ‘ముఖము చిట్లించుకొని మాటలాడు మోటువాడు’ అని అర్థము. ప్రభువుల ఠీవిని సేవకులు ఏ కన్నులతో చూచిరో ఈ ఒక్క పదము చెప్పుచున్నది.

ఇచట విద్యార్థులకు ఒక హెచ్చరిక అవసరము. పద చరిత్రలో కట్టుకథలు అధికము. ‘సర్లాయిన్’ అను మాంసభాగమును రుచి చూచి ఒక రాజు సంతోషించి దానికి ‘సర్’ బిరుదమిచ్చెనని ఇంగ్లండులో ఒక కథ. 1755 నాటి తన నిఘంటువున డాక్టర్ జాన్సన్ అంతటివాడు దానికి చోటిచ్చెను. నిజమునకు అది ‘నడుము పైభాగము’ అను అర్థము గల ఫ్రెంచి సమాసము. మన దేశమున ప్రచారమందున్న మరియొక కథ ఏమనగా, ‘సర్’ అనునది ‘నేను బానిసగనే ఉందును’ అను ఇంగ్లీషు వాక్యములోని మొదటి అక్షరముల కూర్పట! ఇది కేవలము కల్పన. ఏడు వందల యేండ్ల క్రితము అక్షరములు కూర్చి పదములు చేయు అలవాటే లేదు. పదము వినుటకు అనువుగ నున్నదని దాని పుట్టుకను ఊహింపరాదు. లిఖిత ప్రమాణములను కాలక్రమమున పరిశీలింపవలెను.

మన దేశమున ‘సర్’

బ్రిటిషు పాలనలో ‘సర్’ బిరుదమై వచ్చినది. ఆంధ్ర విశ్వవిద్యాలయపు మొదటి ఇరువురు ఉపాధ్యక్షులు, కట్టమంచి రామలింగారెడ్డిగారు, సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు, ఆ బిరుదము పొందినవారే. రవీంద్రనాథ ఠాగూరు 1915లో దానిని స్వీకరించి, జలియన్‌వాలాబాగు దురంతము అనంతరము 1919లో త్యజించెను. రాధాకృష్ణన్‌గారు 1931లో పొందినను స్వాతంత్ర్యానంతరము వాడుట మానిరి. కవి ఇక్బాల్‌కు 1922లో ఈ బిరుదము ఇవ్వజూపినపుడు, ముందుగా తమ గురువు మీర్ హసన్‌కు ‘షమ్సుల్ ఉలమా’ బిరుదమీయవలెనని వారు కోరిరని ప్రసిద్ధి. గురువుగారు రచించిన గ్రంథమేది యని ప్రశ్న రాగా, తానే ఆ గ్రంథమని ఇక్బాల్ బదులిచ్చెనని చెప్పుకొందురు. మన రాజ్యాంగములోని 18వ అధికరణము సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప బిరుదములను రద్దు చేసినది.

బిరుదము పోయినది, పదము మిగిలినది. తెలుగు నాలుకపై అది ‘సార్’, ‘సారు’ అయి బడిపంతులునకు స్థిరపడినది. ఆచార్య జయశంకర్‌ను (1934–2011) తెలంగాణ ప్రజలు ‘జయశంకర్ సార్’ అనిరి. ఆ ‘సార్’ను ఏ రాజును ఇయ్యలేదు, ఏ శాసనమును రద్దు చేయజాలదు.

‘అయ్య’ తోడి పోలిక

తెలుగు ‘అయ్య’ పదమును ‘సైర్’ ప్రక్కన నిలిపి చూచిన ఒక ముఖ్యవిషయము బోధపడును. తెలంగాణమున నేటికిని అనేక గృహములలో తండ్రి ‘అయ్య’. అతడే పూజ్యుడు, యజమాని. ‘అయ్యవారు’ అన్నచో గురువు. ‘అయ్యవారిని చేయబోతే కోతి అయినది’ అను సామెత ఎరుగనివారు లేరు. తాతయ్య, మామయ్య, అన్నయ్య అని చుట్టరికములకు తోడగును. రామయ్య, వెంకయ్య అని పేర్లకు తోడగును. ‘ఏమయ్యా’, ‘రావయ్యా’ అన్నపుడు గౌరవము సడలి చనవుగనో చులకనగనో మారును. ఇది ఇంగ్లీషువారి ‘సిర్రా’ వంటిదే. కొందరు పండితులు దీనిని ‘ఆర్య’ శబ్దభవమందురు. మరికొందరు తమిళ ‘ఐయన్’, కన్నడ ‘అయ్య’లను చూపి ద్రావిడ పదమందురు. ఏదైనను, తండ్రి, ప్రభువు, గురువు అను మూడర్థములు ‘సైర్’ వలెనే ఇందును చేరినవి. భేదమొక్కటే. ‘సైర్’ దర్బారునుండి ఇంటికి వచ్చి నిలువలేకపోయినది. ‘అయ్య’కు ఇంటిలో వేరున్నది, కావున దర్బారున ఎంత తిరిగినను ఇంటికి మరలి రాగలిగినది.

మనకు పాఠము

ఈ చరిత్ర పరీక్షకు మాత్రమే కాదు. కళాశాలలో ‘సీనియర్’ అను మాట ‘సార్’కు మూలమైన ఆ లాటిన్ పదమే. వయస్సున పెద్దవాడు అనునదే దాని తొలి అర్థము. క్రొత్తగా చేరిన విద్యార్థిని నిలువబెట్టి బలవంతముగ ‘సార్’ అనిపించుకొను సీనియరు ఆ పదమును భూస్వామి చేతికి తిరిగి అప్పగించుచున్నాడు. ర్యాగింగును నిషేధించుచు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1997లో చట్టము చేయవలసి వచ్చినది. చట్టము శిక్షింపగలదు, పెద్దరికము నేర్పజాలదు. దానిని నేర్పవలసినది మనమే.

మరియొక విషయము కార్యవర్గపు పెద్దలకు కూడ విన్నవింతుము. ప్రవేశముల దినములలో కార్యాలయపు కిటికీ ముందు నిలిచిన తండ్రులను మనము ప్రతి ఏట చూచుచున్నాము. దర్జీపని చేయువారు, ఆటో నడుపువారు, పండ్లబండి త్రోయువారు ఒకనాటి సంపాదన మానుకొని వచ్చి, కాగితములు చేతబట్టుకొని, తమ కుమారుని వయస్సు గల గుమస్తాను ‘సార్, సార్’ అని బ్రతిమాలుచుందురు. కొందరు విద్యార్థులు తమ తండ్రిని స్నేహితుల కంట పడనీయక గేటు బయటనే నిలుపుదురు. ఇంగ్లీషువారు ఒకప్పుడు ఏ పదమును తండ్రికి అర్పించిరో, ఆ పదముతో మన తండ్రులు కిటికీ ముందు ప్రార్థించుచున్నారు. వారు పలుకుటలో దోషము లేదు. అది వారి సంస్కారము. వినువారు బదులుగా ‘రండి అయ్యా’, ‘తష్రీఫ్ రఖియే జనాబ్’ అని కుర్చీ చూపినచో పదము తన అప్పు తీర్చుకొన్నట్లగును. ఇందుకు కావలసినది రెండు కుర్చీలు, ఒక మంచి మాట.

విద్యార్థులకు మేము ఒక పని అప్పగింతుము. ఈ సెలవులలో మీ ఇంట, మీ వీథిలో, మీ ఊరిలో తండ్రిని ఏమేమని పిలుచుచున్నారో వ్రాసికొని రండు. అయ్య, నాన్న, నాయన, అప్ప, బాపు, అబ్బా, దక్కనీ పలుకుబడిలోని బావా – ఇట్లు ఎన్నియో దొరకును. ఏ పదమును ఎవరు, ఎవరి ముందు, ఎట్టి స్వరముతో పలుకుదురో కూడ గమనింపుడు. కొన్ని పదములను మీ తాతలు మాత్రమే పలుకుచుండవచ్చును. వానిని ముందుగ వ్రాసికొనుడు. సెలవులు ముగిసిన పిదప తరగతిలో ఆ పట్టికలనన్నిటిని కలిపి చూతము.